నల్ల లోడు వచ్చేదాకా

నా సైకిలు నల్లగానే ఉండాలని నేను పట్టుబట్టింది షోకు కోసం కాదు. ప్రొద్దుటూరులో రంగు అంటే పక్షం. పసుపు ఒకరిది, నీలమూ ఆకుపచ్చా కలిస్తే ఇంకొకరిది, కాషాయానికి మనుషులున్నారు, ఎరుపుకు పాతకాలం నుంచీ ఉన్నారు. ఒకరింటి గేటు రంగు మారితే వీధి చివర టీ అంగట్లో ఆ పూటంతా అదే మాట. నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ట్రెజరీలో లెక్కలు చూసిన మనిషిని. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆఫీసు గోడ మీది పటాలు మారాయి గాని, బయట నీడన నిలబెట్టిన నా సైకిలు ఏ పక్షమో ఎవరూ చెప్పలేకపోయారు. నలుపుకు ఓటు లేదు.

రిటైరయ్యాక అది మిద్దె మీదికి చేరింది. నీళ్ళ ట్యాంకు కింద పదకొండేళ్ళు పడి ఉండి, ట్యాంకు పొర్లినప్పుడల్లా స్నానం చేసింది. పోయిన వేసవిలో మళ్ళీ దాని అవసరం పడింది. కారణం నా కొడుకు.

వాడు హైస్కూల్లో పాఠాలు చెప్తాడు. మంచివాడే. కూరగాయల మార్కెట్టుకు పోవాలంటే "ఐదు నిమిషాలుమ్మా, బండి తీస్తా" అంటాడు. వాడి ఐదు నిమిషాలు ఎంత పొడుగుంటాయో గడియారం చూసి రాసుకుంటూ వచ్చాను. అన్నిటికన్నా పొట్టిది నలభై. మేము పోయేసరికి లేత బెండకాయలు అయిపోయి, విరిచినా విరగనివి మిగిలి ఉంటాయి. షేర్ ఆటో ఎక్కుదామంటే మన మోకాళ్ళు ఇంకొకరి ఒళ్ళో పెట్టాలి. ఒక వారం రోజులు బెండకాయ నారలు నమిలాక, సైకిలు కిందికి దించమని చెప్పాను.

"ఈ వయసులో సైకిలేందిమ్మా?" అన్నాడు.

మెట్లెక్కితే నొచ్చే మోకాళ్ళు పెడలు తొక్కితే నొయ్యవని డాక్టరే చెప్పాడని చెప్పాను. వాడు పిల్లలకు చెప్పినట్టే నాకూ రెండు షరతులు చెప్పాడు. దసరా ఆయుధపూజకు బండ్లన్నీ కడిగి వాకిట్లో నిలబెట్టేనాటికి సైకిలు నడిచేటట్టు ఉండాలి, లేకపోతే పాత ఇనుప సామాన్లవాడికి వేసేస్తాడు. రెండోది, లారీవాళ్ళకు దూరం నుంచే కనపడే రంగు వేయించాలి. నారింజ అయితే మేలని కూడా సలహా ఇచ్చాడు. మొదటి షరతుకు సరేనన్నాను. రెండోదానికి ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టని వాడు ఇన్నేళ్ళు వచ్చినా అనుకుంటాడు.

మా వీధి మలుపులో సైకిల్ షాపు పెట్టుకున్న భాయ్‌కి ఆ సైకిలు పుట్టుక నుంచీ తెలుసు. చక్రాలు, పెడళ్ళు, గొలుసు విప్పి గోతంలో వేసి, ఫ్రేమును కిరసనాయిలుతో తుడిచి, పాత రంగు గీకేశాడు. ఉత్త ఇనుము బయటపడింది. బ్రష్షుతో వేస్తే కిటికీ ఊచలా కనపడుతుందన్నాడు. స్ప్రే కొడితే బాగుంటుంది గాని తాళంచెవి తగిలినా లేచిపోతుందన్నాడు. చివరికి అసలు మాట చెప్పాడు.

"పౌడర్ కోటింగ్ చేయించమ్మా. రంగు పొడి చల్లి పొయ్యిలో పెట్టి కాలుస్తారు, కుండ కాల్చినట్ల. పులివెందులలో పెద్ద షెడ్డు ఉండాది. మావాళ్ళు గేట్లు ఆడనే చేయించినారు."

పొడి మరల్లోకి పోయి కరిగి గట్టిపడితే మళ్ళీ పెడలు ఇరుసు ఎలా బిగుస్తుందని అడిగాను. అడగాల్సిన ప్రశ్న అదేనన్నట్టు తలూపి, మరలున్న ప్రతి చోటా పాత బోల్టులు బిగించి పంపాడు.

ఫ్రేమును చంకన పెట్టుకొని జమ్మలమడుగు మీదుగా పోయే బస్సెక్కాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి నాకు సున్నా టికెట్టు కొట్టి, కండక్టరు ఫ్రేము వైపు చూశాడు. సైకిలుకు ఒక లగేజి ఛార్జీ, ఇనుముకు ఇంకొకటి అట. చక్రాలు లేనిది సైకిలు ఎలా అవుతుందని నేను, చక్రాలు పెట్టే చోటు ఉంది కదా అని ఆయన. ముద్దనూరులో దిగి టీ తాగివచ్చాక, దాన్ని సగం సైకిలుగా తీర్మానించాడు. న్యాయమే అనిపించి ఇచ్చేశాను.

షెడ్డులో పొయ్యి ఒక గదంత ఉంది. పైన గొలుసులకు గేట్లు వేలాడుతున్నాయి. సింహాలున్నవి, నెమళ్ళున్నవి, కలశం ఉన్నవి. యజమాని నలభై ఏళ్ళవాడు. నన్ను పెద్దమ్మా అని పిలిచి, రంగుల అట్ట చేతిలో పెట్టాడు. నేను నలుపు మీద వేలు పెట్టాను. అతను నా వేలును చూసి, ఫ్రేమును చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"నలుపు కాల్చి ఏడాదయిందేమో పెద్దమ్మా."

వాళ్ళ పని పద్ధతి అప్పుడు తెలిసింది. ఒకసారికి ఒకటే రంగు. రంగు మార్చాలంటే పొడి చల్లే గన్ను, దాని గొట్టాలు, చల్లే గది అన్నీ కడగాలి, సగం రోజు పోతుంది. అందుకని కుర్చీలు, సైకిళ్ళలాంటి చిల్లర సరుకును ఎవరిదో గేటు లోడులో ఒక మూలన తగిలిస్తారు. బంగారు రంగు రోజూ ఉంటుంది. కాఫీపొడి రంగు వారానికి రెండుసార్లు. నలుపు కావాలంటే మాత్రం ఎవరైనా నల్లగేటు చేయించుకోవాలి.

"గృహప్రవేశం ముందర నల్లగేటు ఎవురు పెడతారు పెద్దమ్మా? శనిని పిలిచి వాకిట్లో నిలబెట్టుకున్నట్ల గాదా?"

నా ఒక్క సైకిలుకే పొయ్యి వెలిగిస్తే ఎంతవుతుందని అడిగాను. అంకె చెప్పి, తనకే సిగ్గేసినట్టుంది, పోయి నీళ్ళు తాగి వచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"బంగారు రంగు ఎయ్యనా? ప్రొద్దుటూరంటేనే బంగారం అంగళ్ళు, మీకు కలిసొస్తాది గదా."

బంగారు సైకిలెక్కి బెండకాయలకు పోయే ముసలిదాన్ని ఒకసారి ఊహించుకున్నాను. నల్ల లోడు వచ్చేదాకా ఉంచమని చెప్పాను. అతను ఫ్రేమును రెండు సింహాల మధ్య కొక్కేనికి తగిలించాడు.

ప్రతి సోమవారం పొద్దున ఫోన్ చేసేదాన్ని. "ఈరోజు గోల్డు" అనేవాడు. "కాఫీ" అనేవాడు. ఒకసారి "ఆకుపచ్చ, మసీదు గేటు" అన్నాడు, ఆశపడి. వేసవి పోయింది. వినాయకచవితి పోయింది. పాత ఇనుప సామాన్లవాడు మా వీధిలో అరుచుకుంటూ పోయినప్పుడల్లా నా కొడుకు పేపరు మీది నుంచి తలెత్తి నా వైపు చూసేవాడు. క్యూలో ఉంది అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. క్యూలో నేను ఒక్కదాన్నే ఉన్నానని చెప్పలేదు, అంతే.

భాయ్‌కి కూడా ఓపిక తగ్గింది. చక్రాలున్న గోతం అతని షాపులో అడ్డంగా ఉంది. నీలం వేయించేయమన్నాడు. నీలం ఎవరిది అని అడిగాను. "ఔ గదా" అని చేతులు తుడుచుకున్నాడు.

మహాలయ పక్షాలకు జమ్మలమడుగులో మా చెల్లెలింటికి పోయాను. మా మరిది, అంటే చెల్లెలి భర్త, పౌరోహిత్యం చేస్తాడు. ఆ పదిహేను రోజులూ ఇంటింటికీ తిరిగి తర్పణాలు పెట్టించి, ఏ మూడు గంటలకో ఇల్లు చేరి అన్నం తింటాడు. ఆయన మజ్జిగన్నం దాకా వచ్చిన సమయానికి నా ఫోన్ మోగింది. నాకు స్పీకరు పెడితేగాని సరిగ్గా వినపడదు.

"పెద్దమ్మా, నల్ల లోడు వచ్చినాది. రేపు పొద్దున కాలుస్తాండాం."

"ఎవరి గేటు?"

"పెద్ద గేటు, రెండు రెక్కలు. శానా మందంగా ఎయ్యమన్నారు."

"ఎవరిది అని అడిగాను."

అతను గొంతు సవరించుకున్నాడు. "శ్మశానానిది పెద్దమ్మా. ఎవురో దాత చేయిస్తాండాడు. నువ్వు వద్దంటే నేనేం అనుకోను. పొద్దు గూకేలోపల చెప్పు."

మా మరిది చేతిలో ముద్ద అక్కడే ఆగింది. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి అన్నాడు.

"వదినా, శ్మశానం గేటుతో పాటు ఒకే పొయ్యిలో కాల్చిన బండెక్కి నువ్వు కూరగాయలకు పోతావా?"

"బెండకాయలకు," అన్నాను.

ఆయన నాకు చాలా చెప్పాడు. నలుపే ఒక దోషం, దానికి ఇది తోడు అన్నాడు. మహాలయ పక్షాల్లో కొత్త వస్తువు కొనడానికే వెనకాడతారే అన్నాడు. ఏదైనా వేరే రంగు చెప్తే తనే పులివెందులకు పోయి దగ్గరుండి వేయించుకొస్తానని కూడా అన్నాడు. దసరాకు ఇంకా ఎన్ని రోజులున్నాయో నేను ఆయనకు గుర్తు చేశాను. ఈ లోడు పోతే ఇంకొక నల్లగేటుకు ఇంకొక దాత పుట్టాలి. ఈలోపల నా సైకిలు పాత ఇనుముతో కలిసి తూకానికి పోతుంది, నేను మిగిలిన జన్మంతా ఎవరో బండి తీస్తారని గడప దగ్గర సంచి పట్టుకొని కూర్చుంటాను.

వంటింట్లోంచి మా చెల్లెలు అంది. "నిప్పుకు అంటు లేదని ఊరందరికీ చెప్పేది మీరే గదా."

ఆయన రెండు ముద్దలు తిన్నాడు. "నిప్పుకు లేదు," అన్నాడు. "గేటుకు ఉంది."

"ఆ గేటు ఇంకా అక్కడికి పోలేదు కదప్పా," అన్నాను. "కొత్త ఇనుము. ఇంతవరకు ఒక్కరిని కూడా లోపలికి పంపలేదు."

మా చెల్లెలు వంటింట్లో ఏదో గిన్నె కింద పడేసింది. ఆయన మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కొని, కండువాతో తుడుచుకొని, కూర్చున్నాడు.

"సరే. పూజ నా చేతుల మీద అయినాకనే ఎక్కాల. ఆ పొద్దు నేనే వస్తా."

పులివెందులకు ఫోన్ చేసి, వాళ్ళకెంత మందం వేస్తున్నారో నాకూ అంతే వెయ్యమని చెప్పాను. మరలకు బిగించిన బోల్టులు తియ్యవద్దని రెండుసార్లు చెప్పాను.

వచ్చిన ఫ్రేమును భాయ్ ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. ముఖం కనపడే నలుపు. వేలిగోరుతో గీకి చూశాడు, గోరు అరిగింది.

"ఇది మనకంటే ఎక్కువకాలం ఉంటాదమ్మా," అన్నాడు.

అందుకే వేయించారు అన్నాను. ఎవరు వేయించారని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. పెడలు ఇరుసు మరల్లో సాఫీగా దిగింది. వెనక ఎర్రటి రిఫ్లెక్టరు బిగించాడు.

నా కొడుకు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. నలుపేనా అన్నాడు. నలుపే అన్నాను. లారీలకు కనపడదు కదా అంటే రిఫ్లెక్టరు చూపించాను. అది రూపాయి బిళ్ళంత ఉందని, పూజ అయ్యాక మాట్లాడదామని అన్నాడు. మాట్లాడదామంటే వద్దని అర్థం. వాళ్ళ నాయన కూడా అలాగే అనేవాడు.

ఆయుధపూజ పొద్దున మా వాకిట్లో వాడి మోటారు సైకిలు, దాని పక్కన నా సైకిలు, రెండూ కడిగి నిలబెట్టాం. మా మరిది మొదటి బస్సుకే దిగాడు. సంచిలో నిమ్మకాయలు, కుంకుమ, ఒక పెద్ద పొట్లం పసుపు. మోటారు సైకిలుకు మూడు వేళ్ళతో పసుపు పెట్టి, బొట్టు పెట్టి, అక్షింతలు వేసి ముగించాడు. నా సైకిలు దగ్గరికి వచ్చేసరికి పసుపు గిన్నెలో కలిపి రెండు అరచేతులా తీసుకున్నాడు. హ్యాండిలు నుంచి మొదలుపెట్టి వెనక మడ్గార్డు దాకా, సందు వదలకుండా, గోడకు సున్నం కొట్టినట్టు కొట్టాడు. మంత్రం కూడా రెండింతలు సాగింది.

"చిన్నాయనా, సైకిలుకు అంత పసుపేంది?" అన్నాడు నా కొడుకు.

మా మరిది నా వైపు చూశాడు. నేను చక్రం కింద నిమ్మకాయ సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాను.

"పాత బండి గదప్పా," అన్నాడు ఆయన. "దిష్టి శానా ఉంటాది."

వాడు వీధి చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. పాఠం చెప్పేవాడు బల్ల వెనక పిల్లవాడికి అక్షరాలు కనపడతాయో లేదో చూసుకున్నట్టు చూశాడు. తిరిగి వచ్చి అన్నాడు.

"ఇప్పుడు కనపడతాండాదిమ్మా. పోయిరా."

సంచి హ్యాండిలుకు తగిలించి ఎక్కాను. నిమ్మకాయ చితికింది. మోకాళ్ళు ఏమీ అనలేదు. టీ అంగడి ముందు నలుగురు గ్లాసులు దించి చూశారు. మేడం గూడా ఆ పక్క చేరినట్లుండాదే అన్నాడొకడు. రిటైరయినాక ఇంక ఎవురికి భయపడేది అన్నాడు ఇంకొకడు. నేను బెల్లు కొట్టాను. అది తుప్పు పట్టిన పాత బెల్లే, కోపంగా మోగుతుంది.

మార్కెట్టులో గంపలు అప్పుడే దించుతున్నారు. బెండకాయ తోక విరిస్తే టప్పుమంది. కిలో తీసుకొని ఇంటికి వచ్చేసరికి నా కొడుకు ఇంకా బండి తాళంచెవి వెతుకుతున్నాడు.

తడిగుడ్డ తీసుకొని సైకిలు తుడవడం మొదలుపెట్టాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఏ రంగూ అంటించుకోని దాన్ని ఒక్క పూట పసుపు మీద వదిలెయ్యలేను. హ్యాండిలు, ముందు గొట్టం, వంపు గొట్టం అన్నీ తుడిచాను. కింద ముఖం కనపడే నలుపు అలాగే ఉంది. వెనక మడ్గార్డు దగ్గర ఆగాను. లారీలు వచ్చేది వెనక నుంచే కదా. అది మాత్రం ఉంచాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆ మడ్గార్డుకు పసుపు రాసేది నా కొడుకే. టీ అంగట్లో వాళ్ళు కూడా లెక్క తేల్చుకున్నారు. ఎదురుగా వస్తే నేను ఏ పక్షమూ కానట. దాటిపోయాకే తెలుస్తుందట.