అంచుదాకా నడిచిన వీరుణ్ణి

నాలో ఒక మంచి గుణం ఉంది. తెలిసిన విషయం నా ఒక్కడి దగ్గరే దాచుకోను. ఎవరూ అడక్కపోయినా చెప్పేస్తాను. నిన్న ఆ గుణమే నా ఉద్యోగం తినేసింది. ఎలాగో వినండి.

ఇక్కడ గల్ఫ్‌లో, సజ్జాలో మా లేబర్ క్యాంపు వంటగదిలో పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఫోన్లో వార్తలు పైకి చదవడం నా డ్యూటీ. జీతం లేదు, గౌరవమూ లేదు. మొన్న ఏవో రెండు దేశాలు ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్న వార్తలో ‘బ్రింక్‌మన్‌షిప్’ అన్న మాట తగిలింది.

"అంటే ఏందన్నా?" అన్నాడు నా రూమ్మేట్, నెల్లూరు మస్తాన్. అడిగాడు! ఇక ఆగుతానా?

"గొయ్యి అంచుదాకా పోయి, దూకేస్తా దూకేస్తా అని బెదిరించడం. అవతలోడు హడలిపోయి అడిగింది ఇచ్చేస్తాడు. పెద్ద పెద్ద నాయకులు చేసే రాజకీయం ఇది."

"హడలకపోతే?"

"హడల్తాడు. రేపు చూపిస్తా పద!"

సంగతేంటంటే, ఊళ్లో మా ఆవిడకి నెలలు నిండాయి. నెల సెలవడిగితే మా ముదీర్, అదే మేనేజరు, కుదరదన్నాడు. ఫ్యాక్టరీలో కటింగ్ మెషీన్ నాకు తప్ప ఎవరికీ లొంగదని నా గట్టి నమ్మకం. పొద్దున్నే మస్తాన్‌ని సాక్షిగా తీసుకుని ఆఫీసులోకి దూరాను.

"ఛుట్టీ దేవ్ సార్! నహీ తో మేరా వీసా క్యాన్సిల్ కరో!"

సెలవివ్వకపోతే వీసా రద్దు చేసెయ్యమనేసరికి ముదీర్ టీ కప్పు కింద పెట్టాడు. హడలిపోయాడనుకున్నా.

"పక్కా?"

"పక్కా!"

వెనకనుంచి మస్తాన్ నా చొక్కా లాగుతూనే ఉన్నాడు. పట్టించుకుంటేగా!

"ఖలాస్," అని ముదీర్ ఫోన్ తీశాడు. మొహం వెలిగిపోతోంది. "యల్లా, ఆ జావ్!" అని ఎవర్నో వెంటనే రమ్మన్నాడు. అవతల ఆయన బామ్మర్ది. విజిట్ వీసా మీద వచ్చి గదిలో ఖాళీగా కూర్చున్నాడట. కటింగ్ మెషీన్ కూడా వచ్చట!

"సార్... మజాక్ థా సార్..."

తమాషాకన్నానంటే ఆయన నవ్వాడు. క్యాన్సిలేషన్ మాత్రం ఆపలేదు.

బయటికొచ్చాక మస్తాన్ తను లాగిన నా చొక్కా సర్దాడు. "అన్నా, దీన్ని మా నెల్లూర్లో కొవ్వంటార్లే," అన్నాడు.

సాయంత్రం మా ఆవిడ ఫోన్.

"సెలవిచ్చారా?"

"ఇచ్చారు."

"ఎన్నాళ్లు?"

"నీ ఇష్టం," అన్నాను.

ఎంత మురిసిపోయిందో! పక్కింటికి వినపడేలా చెప్పేసుకుంటోంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. అంచుదాకా పోవడం గురించి ఎవరికైనా పాఠం చెప్పగలను. వెనక్కి రావడం మాత్రం నేను ఇంకా నేర్చుకోలేదు.