మెట్టు మీద సార్ అడుగు

పోయిన వారం మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "సార్ పోయారు" అని మెసేజ్ వచ్చింది. "ఏ సార్?" అని ఒకరు అడిగారు. "సిమెంటు సార్" అని జవాబు. ఆఫీసు క్యాంటీన్లో ఇడ్లీ అలాగే వదిలేసి నేను సార్ ఊరు నర్సీపట్నానికి బస్సెక్కాను.

నిజానికి కాలేజీలో ఆయన మాకు చెప్పింది సిమెంటు పాఠం కాదు, కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్స్. ఒకరోజు క్లాసు మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి గానీ సార్ ఆగలేదు.

"సూసేరా? మామూలు మెమరీ అయితే ఈపాటికి అంతా మర్సిపోతాది. తప్పు రాసినా దాంతోటే పోతాది. నాన్‌వోలటైల్ మెమరీ అలాక్కాదు. కరెంటొచ్చాక సూస్తే మీ తప్పు అక్కడే కూకుని ఉంటాది."

అందుకని ఆపరేటింగ్ సిస్టమ్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రామ్ ఆ మెమరీని ఎప్పుడూ మూసి ఉంచాలి. చదవనివ్వాలి, రాయనివ్వకూడదు. రాయాల్సిన క్షణంలో మాత్రం తెరిచి, పని కాగానే మూసెయ్యాలి. సార్ భాషలో ఇదంతా మూడు ముక్కలు: "తియ్యి, రాయి, బేగి మూసెయ్యి." హాస్టల్లో బీరువా తెరిచినా మేం ఇదే మాట అనుకునేవాళ్లం.

నేను తెలివిగా అడిగాననుకుని లేచాను. "సార్, కెర్నెల్‌కి అన్ని హక్కులూ ఉన్నాయి కదా, ఇంక ఎవరి నుంచి కాపాడడం?"

"దాన్నుంచేనమ్మా. పైవోణ్ణి గేటు కాడే ఆపేస్తాం. కొంప మునిగేది ఇంట్లోవోడి కాలు జారితేనే."

ఆ నెలలోనే సార్ తన ఇంటి ముందు మెట్టుకి సిమెంటు చేయించారు. రికార్డుల మీద సంతకాలకి మేం వెళ్లేసరికి, పచ్చి మెట్టు పక్కన కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కాపలా కాస్తున్నారు. మేడంగారు గుమ్మం లోపలే బందీ. పాలతను గేటు బయటే. ఇంతలో ఎక్కణ్ణించో ఒక కోడి వచ్చింది. "హుష్!" అంటూ సార్ గొడుగుతో సహా లేచి, కుడికాలు నిండుగా సిమెంట్లో పెట్టేశారు. కోడి గోడెక్కి చూసింది.

లోపల్నుంచి మేడంగారు, "రాసీసేరా?" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకీ పాఠాలన్నీ వచ్చేశాయి.

మేం రికార్డులు మొహాలకి అడ్డం పెట్టుకున్నాం. సార్ కాలు తియ్యకుండానే నావైపు తిరిగారు. "ఇదిగోనమ్మా, ఇంట్లోవోడి కాలు. మొన్న నువ్వడిగేవు కదా?" అన్నారు. ఆ అడుగుని ఆయన పూడ్చనివ్వలేదు. తర్వాత వచ్చిన బ్యాచ్‌లన్నిటికీ దాన్ని చూపించి పాఠం చెప్పారు. ఇవాళ నేను అలాంటి మెమరీకే కోడ్ రాసి బతుకుతున్నాను. రాసిన ప్రతిసారీ ఆ పాదం గుర్తొచ్చి ఇంకోసారి సరిచూసుకుంటాను.

నేను వెళ్లేసరికి సార్ ఇంటి ముందు తాపీమేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. మేడంగారి తమ్ముడు మెట్టు చూపించి, "పెద్దకర్మకి జనం వస్తారు, ముసలోళ్లు తట్టుకుని పడిపోతారు. సాపు సేసీ" అంటున్నారు. వద్దని చెప్పడానికి నేనెవర్ని?

మేడంగారు బయటికొచ్చారు. చేతిలో సార్ గొడుగు. కుర్చీ మెట్టు పక్కకి లాక్కుని కూర్చున్నారు.

"అక్కా, లేవే. పనవ్వాల."

"ఏటి పని? మీ బావ మనసుపడి బోర్డు మీద రాసిందేటీ మిగల్లేదు. పొరపాటున రాసింది ఇదొక్కటే ఉంది. ముట్టుకోకు."

మేస్త్రీ తాపీ పట్టుకుని నిలబడిపోయాడు. "మరి కలిపిన సిమెంటు ఏటి సేయమంటారమ్మా?"

"కోళ్లగూడు ముందర పోసీ."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దేన్నీ ఆపుకోలేకపోయాను.

సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు వాన మొదలైంది. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. మేడంగారు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆవిడ తల తడుస్తోంది. గొడుగు మాత్రం మెట్టు మీదికి వంచి పట్టుకున్నారు.