ఎర్ర జేబు

ఆ హోటల్ లాండ్రీలో జేబులు నామమాత్రమే. ఎప్పుడో ఎవరిదో పెన్ను మెషిన్లో పడి దుప్పట్లన్నీ నీలమయ్యాయని, సూపర్‌వైజర్ అందరి జేబులూ కుట్టించేశాడు. సొంత సామానంతా బీరువాలో, తాళంచెవి ఆయన నడుముకి. మందైనా సరే, రూలంటే రూలే.

అక్క ఉతికే మెషిన్ల దగ్గర పనిచేసేది, తమ్ముడు ఇస్త్రీ బల్ల దగ్గర. వాడికి మూర్ఛ వచ్చిన రోజు అక్క పక్కకి తిప్పి పడుకోబెట్టి, తలకింద తువ్వాలు పెట్టింది. ఐదు నిమిషాలైనా ఆగకపోతే ముక్కులో కొట్టమని డాక్టరు ఇచ్చిన స్ప్రే బీరువాలో ఉంది. తాళంచెవి సూపర్‌వైజర్‌తో పాటు భోజనానికి వెళ్లింది. ఫోన్ చేస్తే, "ఫిట్సే కదమ్మా, అదే తగ్గిపోతుందిలే. తినేసి వస్తా" అన్నాడు.

అంబులెన్స్ వచ్చేదాకా వాడు కొట్టుకుంటూనే ఉన్నాడు. ప్రాణమైతే దక్కింది. కుడిచెయ్యి మాత్రం వాడి మాట వినడం మానేసింది. నిన్న చూసిన మనిషి ఇవాళ గుర్తుండడు.

అక్క ఫిర్యాదు చెయ్యలేదు. చేస్తే మహా అయితే ఆయన్ని ఇంకో చోటికి మారుస్తారు. ఆమెకి ఆయన కళ్లెదుటే కావాలి. తమ్ముడి చొక్కాకి ఎర్రగుడ్డతో ఇంత జేబు కుట్టి, అందులో కొత్త స్ప్రే పెట్టి, రోజూ మధ్యాహ్నం వాణ్ణి తీసుకొచ్చి సూపర్‌వైజర్ భోజనాల బల్లకి ఎదురుగా కూర్చోబెట్టేది.

"మీరెవరు సార్?" అని వాడు రోజూ అడిగేవాడు. ఆయనకి ముద్ద గొంతు దిగేది కాదు. అది చూస్తే అక్కకి కడుపు నిండేది. నిండదూ మరి!

రానురాను ఆయన వాడికి రొట్టె తుంచి పెట్టడం మొదలుపెట్టాడు. అందరి జేబుల కుట్లూ విప్పించాడు. అక్కకి ఒళ్లు మండిపోయింది.

"పుణ్యం మూటగట్టుకుంటున్నారా సార్?"

"ఇంకేం చెయ్యమంటావమ్మా?"

"ఏమీ వద్దు. చూస్తూ కూర్చోండి."

ఒకరోజు తమ్ముడు ఆ కుర్చీలోంచే జారిపోయాడు. కబురందుకుని అక్క పరుగున వచ్చేసరికి సూపర్‌వైజర్ వాణ్ణి పక్కకి తిప్పి, అంబులెన్స్‌కి ఫోన్ చేయించి, నేల మీద కూర్చుని గడియారం చూస్తున్నాడు.

"ఐదు నిమిషాలైంది. ఆగట్లేదు" అన్నాడు.

అక్క ఎర్ర జేబులోంచి స్ప్రే తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీరే కొట్టండి. ముక్కులో పెట్టి గట్టిగా నొక్కండి."

ఆయన వాడి ముక్కులో పెట్టాడు. నొక్కాడు. కాసేపటికి కుదుపులు తగ్గి, ఆగాయి. వాడి ఊపిరి దారిన పడింది.

ఖాళీ స్ప్రే ఆయన చేతిలోనే ఉంది. బొటనవేలంత కూడా లేదు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంతేనా అమ్మా?"

అక్క ఇన్నాళ్లూ ఎదురుచూసిన మొహం అదే.

"ఇంతే సార్. ఆ రోజు కూడా ఇంతే."