పనికిరాదని తీసేసిన లైను

మా తేమ మీటర్లు తప్పు చూపడానికి కారణం నేనేనని తెలిశాక కూడా నోరు విప్పలేదు. నా మౌనం వల్ల ఒక మంచి పనివాడి పేరు చెడింది. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలని ఇప్పుడు రాస్తున్నాను.

నిజామాబాద్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ని. పసుపు ఎంత ఎండిందో చూపే మీటర్లు తయారు చేసేవాళ్లం. డబ్బాలో ఒక సెన్సారు, ఒక చిప్పు, అందులో నేను రాసిన ప్రోగ్రాము. సెన్సార్లకు వైర్లు అతికి, ప్రతి మీటరునూ పరీక్షించే పని ఒక పెద్దాయనది. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేవాడు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా ల్యాబులో చెరకు రసం పరీక్షించిన మనిషి. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు.

మొదటి మీటరు చేసినప్పుడు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“తమ్మీ, సెన్సారును ఒకపారి సదివి పారెయ్యి. రెండోపారి సదివిందే సూపియ్యి.”

“ఎందుకన్నా? ఒక్కపారి చదివితె సాలదా?”

“మా ఫ్యాక్టరీ కాడ నల్లా తిప్పంగనే వచ్చిన రసం పారబోసేటోళ్లం. గది పైపుల నిలిసిన పాత రసం. దాన్ని పరీక్ష వెడ్తె పొద్దటి చెరుకు ముచ్చట చెప్తది. గీ సెన్సారు గూడ గంతే. ముందటి పసుపు రుచి దాని నోట్లెనే ఉంటది.”

“మిషన్‌కు రుచి ఏందన్నా!” అని నవ్వాను. అయినా ఆయన మాట కాదనలేక ఒక లైను రాశాను. సెన్సారును ఒకసారి చదివి, వచ్చిన విలువకు ఒక పేరు పెట్టి, ఇక దాన్ని ఎక్కడా వాడని లైను. అది ఎందుకు ఉందో పక్కన ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు.

రెండేళ్ల తర్వాత నా ప్రోగ్రాము మీద లింటర్ నడిపాను. రాసినదంతా చదివి, అడ్డదిడ్డంగా ఉన్నవాటినీ వాడకుండా పడి ఉన్నవాటినీ ఎత్తిచూపే సాధనం అది. తెర నిండా ఎర్ర గీతలు. అన్నిటినీ అదే సరిచేసే మీట కూడా ఉంది. నొక్కాను. రెప్పపాటులో గీతలన్నీ మాయమయ్యాయి. ఏమేం మారాయో చూడలేదు. ఆ శుభ్రతకు మురిసిపోయి, చాయ్ తాగొచ్చి, కొత్త ప్రోగ్రామును మీటర్లన్నిటికీ ఎక్కించాను.

ఆ ఏడు రెంజల్ వైపు ఒక కల్లంలో మీటరు చూపించడానికి వర్క్‌షాపు ఓనరూ నేనూ వెళ్లాం. ముందురోజే ఉడకబెట్టి పోసిన కుప్పను మొదట చూశాం. తర్వాత ఒక రైతమ్మ బాగా ఎండబెట్టిన కుప్ప. మీటరు దాన్ని కూడా తడి అంది. ఆమె ఒక కొమ్ము తీసి విరిచింది. బాగా ఎండిన కొమ్ము గనక గట్టిగా మోగింది.

“ఏంది సారూ, నీ డబ్బకు చెవుడా? గీ సప్పుడు ఇనవడ్తలేదా?”

కల్లమంతా నవ్వింది. ఓనరు ముఖం మాడిపోయింది. మర్నాడు వర్క్‌షాపులో, నా ముందూ డబ్బాలు బిగించే ఇద్దరు ఆడవాళ్ల ముందూ పెద్దాయన్ని నిలదీశాడు.

“కండ్లు కనవడ్తలేవా కాకా? వైర్లు సక్కగ అతుకుతలేవు. నీతోని కాకుంటె ఇంటికాడ కూసో.”

“నేను అతికింది ఊడదు సేటూ,” అన్నాడాయన. వైర్లు అతికే సోల్డరింగ్ రాడ్ సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచాడు.

రెండు రోజుల తర్వాత పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ లైను లేదు. లింటర్‌కు కనబడింది ఎవరూ వాడని ఒక పేరు మాత్రమే. చదవడమే అక్కడ పని అనీ, అలా చదివితేనే సెన్సారులో మిగిలిన పాత కొలత పోతుందనీ దానికెలా తెలుస్తుంది?

తడి పసుపు ఒక గిన్నెలో, ఎండు పసుపు ఒక గిన్నెలో పెట్టుకున్నాను. లైను పెడితే మీటరు నిజం చెప్పింది. తీస్తే అబద్ధం చెప్పింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు, చేసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించింది. ఎవరికీ ఏమీ ఇవ్వని ఒక్క లైను మీటరు నిజాయితీనంతా మోస్తోంది. వేల లైన్లను రెప్పపాటులో చదివిన సాధనానికి అందనిది, నల్లా కింద సీసా పట్టిన చేతికి తెలుసు. చెరకు రసంలో చూసినదాన్ని ఆయన గోరంత చిప్పులో గుర్తుపట్టాడు. అంత ఎరుక నా పక్కన స్టూలు మీద కూర్చుని మాట్లాడితే నేను నవ్వాను.

అంత అబ్బురపడి కూడా పిరికివాణ్నే అయ్యాను. లైను మళ్లీ పెట్టి, మీటర్లు బాగుచేసి, “వైర్లు మళ్ల సూసిన, సక్కగైనయి,” అన్నాను ఓనరుతో. కాకా పోయినంక పని బాగైందని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. వింటూ ఊరుకున్నాను.

ఏడాది గడిచాక బోధన్ వెళ్లాను. పెద్దాయన వాకిట్లో రిపేరుకొచ్చిన మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు.

“మిక్సీ ఇచ్చేటోళ్లు గూడ కండ్లు మంచిగున్నయా కాకా అని అడుగుతున్నరు,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే అంతా చెప్పేశాను.

“పారబోసే లైను తీసేస్తివా?”

“మిషనే తీసిందన్నా. నేను సూడలే.”

“మిషన్‌కేం ఎరుక? నీకెరుక గదా.” స్క్రూ తిప్పడం ఆపాడు. “నన్ను నలుగుర్ల అన్నరు తమ్మీ. నువ్వొచ్చి చెవుల చెప్తున్నవ్.”

మర్నాడు ఇద్దరం ఒకే బస్సులో నిజామాబాద్ వచ్చాం. వర్క్‌షాపులో ఓనరూ, ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఉన్నారు. ఓనరు ముందుకెళ్లి నిలబడ్డాను.

“సేటూ, మీటర్లు ఖరాబ్ చేసింది నేను. అన్న చెప్పి రాయించిన లైను నా చేతులనే పోయింది. ఎరుకైనంక గూడ మీకు అబద్ధం చెప్పిన. అన్న కండ్లు మంచిగున్నయి, చెయ్యి మంచిగున్నది. అన్నా, నీ పేరు ఖరాబైతుంటె సూస్కుంట ఊకున్న. తప్పు నాది. మాఫ్ చెయ్యి.”