ఫుల్ వర్షన్ అన్నయ్యగారు

మా ఆడపడుచు భర్తకు కంప్యూటర్ల గురించి అన్నీ తెలుసు. ఆ సంగతి ఆయనే చెప్పాడు. బచేలీ ఇనుపగనుల టౌన్‌షిప్‌లో మా క్వార్టర్‌కు ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పేలోపే చెబుతాడు. గనుల ఆఫీసులో కంప్యూటర్ల గదిలో పనిచేసి రిటైరయ్యాడట. అక్కడ ఏం పొడిచాడో నాకు తెలియదు. ఒకసారి వెళ్తే మాత్రం, విప్పని ప్రింటర్ కాయితాల కట్ట మీద టీ గ్లాసు పెట్టుకుని ఎవరినో తిడుతూ కనిపించాడు.

మా ఇంట్లో ఉన్నది పాత విండోస్. ఇక దీని రోజులు అయిపోతున్నాయి, కొత్తదానికి మారండి అంటూ తెర మీద రోజూ ఒక డబ్బా వచ్చేది. నేను దాన్ని మూసేసి నా పాటలు చూసుకునేదాన్ని.

పాటలంటే సినిమా పాటలు కావు. మా పుట్టిల్లు మరైగూడ. మావైపు పెళ్లిళ్లలో తలంబ్రాలయ్యాక ఆడపిల్లవాళ్లు ఒకపక్క, మగపిల్లవాళ్లు ఒకపక్క కూర్చుని ఎత్తిపొడుపు పాటలు పాడుకుంటారు. వాళ్లొకటి విసిరితే వీళ్లొకటి అందుకోవాలి. అందుకోలేక ఆగిపోయినవాళ్లను భోజనాల దగ్గర కూడా వదలరు. మా పెద్దమ్మ కూర్చున్న పక్షం ఏనాడూ ఆగలేదు. వియ్యపురాలి చిల్లుకుండ మీద పాట, కోడిపుంజుకు జడిసి అటకెక్కిన మేనమామ మీద పాట, ఇప్పపూలు ఏరమంటే నిద్రపోయిన ఆడబిడ్డ మీద పాట, అన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. ఆమెకు పళ్లు ఊడుతున్న రోజుల్లో పక్కన కూర్చుని అవన్నీ రాసుకున్నాను. భద్రాచలంలో చదివేటప్పుడు నేర్చుకున్న పాత తెలుగు ఫాంటులో టైప్ చేసి పెట్టుకున్నాను. రాసిన కాయితాలను చెదలు తినేశాయి. ఇక పాటలు మిగిలింది కంప్యూటర్‌లోనే.

మొన్న పెద్దమ్మ చిన్న మనవరాలికి పెళ్లి కుదిరింది. పెద్ద మనవరాలు నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మమ్మకు యాదిలుంటలేదు. నువ్వు రాసుకున్నయన్నీ అచ్చు తీసుకరా. ఈసారి నేను పాడుత. మనం ఆగొద్దు." అంతకంటే సంతోషమైన మాట ఆ ఏడాదిలో నేను వినలేదు. ప్రింటు తీద్దామని కూర్చుంటే కంప్యూటర్ మొరాయించింది. నేను రెండు తిట్లు తిట్టేలోపే మా ఆయన తన బావగారికి ఫోన్ చేసేశాడు.

వచ్చాడు మహానుభావుడు. భోజనాల బల్ల మీద తన లాప్‌టాప్ పరిచాడు. కొత్త విండోస్ వెయ్యాల్సిందేనన్నాడు. సరే, అప్‌గ్రేడ్ చెయ్యండి అన్నాను.

"అప్‌గ్రేడ్ అంటే ఏంటమ్మా? పాత గోడకి సున్నం కొట్టడం. ఫుల్ వర్షన్ అంటే పునాదుల్లోంచి కట్టడం. తెలిసినోడెవడూ అప్‌గ్రేడ్ జోలికి పోడు."

"గోడ బాగానే ఉంది అన్నయ్యగారూ. అప్‌గ్రేడ్ చేస్తే నా ఫైళ్లు, నా ఫాంటు ఎక్కడివక్కడే ఉంటాయని తెర మీదే రాసుంది కదా."

"ఆ రాతలు తెలియనివాళ్ల కోసమమ్మా" అని మా ఆయన వైపు తిరిగి నవ్వాడు. మా ఆయన తల ఊపాడు. బావగారు ఎదురుగా ఉంటే ఈయన మెడలో ఎముక ఉండదు.

"అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీశాకే చేస్తాలే. చేపల పులుసు సంగతి చూడు" అన్నాడు. చూశాను. ఆయన తిని, బ్రేవుమని, పని ముగించి, చేతులు దులుపుకున్నాడు. కొత్త తెర మెరిసిపోతోంది. నా పాటల ఫోల్డర్ ఎక్కడ అని అడిగాను.

"అదా? అంతా కచరా. నా లాప్‌టాప్‌లో తెరిచి చూశాను. కొక్కేలు, సున్నాలు, పిచ్చిగీతలు. మనిషన్నవాడు చదివే అక్షరం ఒక్కటి లేదు. వైరస్ కొట్టేసింది. కొత్త సిస్టంకి అంటుకోకుండా పెన్‌డ్రైవ్‌లోంచి కూడా పీకిపారేశాను."

ఆయన లాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేదు. ఫాంటు లేకపోతే ఆ తెలుగు అట్లాగే కనిపిస్తుంది. ఈ టౌన్‌షిప్‌లో తెలుగులో శుభలేఖ అచ్చు వేయించుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకసారి ఆ కొక్కేలను చూసే ఉంటాడు. సర్వజ్ఞుడు చూడలేదు. చూసినవాడు వంటింట్లో ఉన్న నన్ను కేకేసి అడగనూ లేదు. మా కంప్యూటర్‌లో ఉన్న ఆయన సన్మానం ఫొటోలు మాత్రం అన్నీ భద్రంగా ఉన్నాయి. మెడలో దండతో పళ్లికిలిస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

దంతెవాడలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి కంప్యూటర్‌నూ పెన్‌డ్రైవ్‌నూ పట్టుకెళ్లాను. అతను చాలాసేపు తంటాలు పడి, "దీదీ, ఫుల్ ఫార్మాట్ హో గయా. అబ్ కుఛ్ నహీ మిలేగా" అన్నాడు. రెండూ పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి, ఇక ఏమీ దొరకదట.

పెళ్లికి ముందే మరైగూడ వెళ్లి పెద్దమ్మ మంచం పక్కన కూర్చున్నాను. మళ్లీ చెప్పమన్నాను.

"ఏంది బిడ్డా, మల్లా నన్నడుగుతవేంది? నీ డబ్బల వెట్టుకుంటివి గదా. ఇగ నాకెందుకని ఇడిసిపెట్టిన" అంది. నా మొహం చూసి పాపం ప్రయత్నించింది. చిల్లుకుండ పాట సగం వచ్చింది. మేనమామ అటకెక్కాడు గానీ దిగలేదు.

పెళ్లినాడు మగపిల్లవాళ్లు గొంతులు సవరించుకుని వచ్చారు. పెద్ద మనవరాలు ఆ సగం పాటే రెండుసార్లు తిప్పి పాడి ఆగిపోయింది. అవతలివాళ్లు చప్పట్లు కొట్టి గేలి చేస్తున్నారు. బచేలీ నుంచి జీపులో వచ్చిన అన్నయ్యగారు ముందు కుర్చీలో కూర్చుని వాళ్లతోపాటే నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసేసరికి నా నోట్లోంచి దానంతటదే ఊడిపడింది:

"ఇల్లు ఊడ్వమంటె వచ్చిన అల్లుడు
గింజలన్ని పారబోసి
గంప కడిగిననంటడే వదినా!"

మావాళ్లు ఘొల్లుమన్నారు. అవతలివాళ్లు కూడా నవ్వారు. అయితే ఏం లాభం, వాళ్లు ఇంకొకటి విసిరారు, మా దగ్గర ఇంకొకటి లేదు. పెద్ద మనవరాలు తల దించుకుంది. పెద్దమ్మ కూర్చున్న పక్షం ఓడిపోయింది.

అన్నయ్యగారు లేచి నా దగ్గరికొచ్చాడు. పాట తన మీదేనని ఆ బుర్రకు అందలేదు.

"ఎంత బావుందమ్మా! ఇలాంటివి పోకూడదు. కంప్యూటర్‌లో ఎక్కించి పెట్టు. నేనొచ్చి బ్యాకప్ తీస్తాను" అని భోజనాల వైపు నడిచాడు.

పెద్దమ్మ నా కొంగు లాగింది. "ఎవరే ఆయన?"

"మా ఆడపడుచు మొగుడు, పెద్దమ్మా."

"గంప కడిగినాయననా?"

అవునన్నాను. బోసినోటితో పకపకా నవ్వింది. నవ్వి, మగపిల్లవాళ్లకు జవాబు పాట అందుకోవాలని కాబోలు, పెదవులు కదుపుతూ చాలాసేపు వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.