తడిపి చూసిన పొర

శ్రీమన్నారాయణ కాళ్ళతో బతికిన మనిషి. చీరాలలో మా పక్కింటి గుంటమగ్గం ఆయనది. చీర పనితనమంతా చేతుల్లోనే ఉందని కొనేవాళ్ళు అనుకుంటారు గానీ, గుంటలో రెండు కాళ్ళూ తొక్కుడుచెక్కల మీద ఆడకపోతే ఒక్క పోగు కదలదు.

లారీ గుద్ది కుడికాలు విరిగింది. ఎముకలో వేసిన రాడ్డుకు చీము పట్టింది. మార్చి వేస్తే మళ్ళీ పట్టింది. ఇంకోసారి పడితే కాలు తీసేయాల్సిందేనని గుంటూరు డాక్టరుగారు చెప్పేశారు. చివరి ఆశగా, కొత్త రాడ్డుకు చుట్టడానికి ఏదో ప్రయోగశాల నుంచి ఒక పొర పంపించే ఏర్పాటు చేశారు. కంటికి ఆననంత సన్నని నానో దారాల పొర. ఒంట్లో తడి తగిలాక కొద్దికొద్దిగా గ్యాసు వదులుతూ చీము పట్టకుండా కాస్తుందట. రాడ్డూ స్క్రూలూ రోగి తాలూకువాళ్ళే తెచ్చుకోవడం మామూలేగా, ఈ పొట్లమూ కొరియర్లో ఇంటికే వచ్చింది.

ఆయన భార్య కోటేశ్వరి నూలు మధ్య పుట్టి పెరిగింది. తడిపి చూడని పోగును మగ్గం ఎక్కించకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. మొగుడి కాలిలోకి పోయేదాన్ని చూడకుండా ఎలా పంపుతుంది? పొట్లం విప్పి, వేళ్ళు నీళ్ళలో ముంచి, పొరను ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిపి లాగి చూసింది. గట్టిగానే ఉంది. నిశ్చింతగా ఆరబెట్టి, మడిచి, మళ్ళీ అంటించింది.

విప్పొద్దని పొట్లం మీద ఇంగ్లీషులో ఉందట. ఆ ఒక్క ముక్క ఆస్పత్రివాళ్ళు తెలుగులో నోటితో చెప్పి చావలేకపోయారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆపరేషన్ రోజు పొట్లం చూడగానే డాక్టరుగారి ముఖం మాడిపోయింది. తడి తగిలి గ్యాసంతా పోయిందనీ, ఇంకోటి వచ్చేదాకా ఈ కాలు ఆగదనీ చెప్పి, ఎవరు విప్పారని అడిగారు. కోటేశ్వరి గోడ పట్టుకుంది. శ్రీమన్నారాయణ ఆమె ముఖం చూశాడు.

"నేనేనండీ," అన్నాడు.

మోకాలి కింద తీసేశారు. ఇంటికొచ్చాక ఆమె నా ఎదుటే ఆయన మంచం పట్టుకుని ఏడ్చింది.

"తిట్టయ్యా. నా కాలు నువ్వే తీశావని ఒక్కసారి అను."

ఆయన ఆమెను నూలు కండెలు చుట్టమని చెప్పి, కర్ర సాయంతో మగ్గం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఎడమకాలు చెక్క మీద ఆనింది. కుడి చెక్క ఖాళీగా ఉండిపోయింది. అది చూసి కోటేశ్వరి కండెలు వదిలేసి గుంటలోకి దిగి, ఆ చెక్కను రెండు చేతులతో నొక్కింది. పోగులు విచ్చుకున్నాయి. వాటి మధ్య అడ్డపోగు నాడె విసరాల్సిన ఆయన చెయ్యి లేవలేదు.

"వద్దే, పైకి రా," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు ఆ మనిషి. ఆమె చెక్క వదల్లేదు.