పాతర చూపించిన పుట్టినరోజు

మా నాయన మాకు ఎన్నడూ బొమ్మ కొనివ్వలేదు. పుట్టినరోజు వస్తే ఏదో ఒకటి చూపించేవాడు. ఒక ఏడు చెనక్కాయ మూటల లారీ మీద నన్ను కూర్చోబెట్టుకుని రాప్తాడు దాకా తీసుకుపోయాడు. ఇంకో ఏడు లేపాక్షి నంది పక్కన నిలబెట్టి, దాని మెడలో గంటలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడమన్నాడు. మరో ఏడు గొర్రెల మంద వెంట గుట్టంతా తిప్పాడు. ఊళ్లో అడిగినవాళ్లకు లేదనడు, ఆయన చేతికి ఎముక లేదని పేరు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడి నుంచో ఎముక మొలిచేది. పిసినారి అని నేను మొహం మీదే అనేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

ఆ కసి కొద్దీ నా కూతురికి బొమ్మలు కొని ఇల్లు నింపాను. ఆరో ఏడు వస్తుందనగా అనంతపురం బజారులో పొట్ట నొక్కితే నవ్వే బొమ్మ ఒకటి కొని, దాన్నీ పిల్లనూ తీసుకుని తనకల్లు దగ్గరున్న మా ఊరికి పోయాను. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. చెనక్కాయ చేను నిలువునా ఎండిపోయింది.

మా ఇంటి ముందు ఒక పెద్ద బండ ఉంటుంది. దాన్ని ఎవరూ తొక్కరు, చుట్టూ తిరిగి పోతారు. గడప తొక్కకూడదన్నట్టు అదీ ఒక ఆచారమనుకుని పెరిగాను. నా కూతురు పోయి దాని మీద గెంతింది. కింద బోలుగా మోగింది.

"తాతా, దీని కింద ఏముండాది?"

"పాతరమ్మా. మా కాలంలో జొన్నలు పోసి మూసేవాళ్లు. ఇప్పుడు ఖాళీ."

"అయితే నాకు అది చూపించు. రేపు నా పుట్టినరోజు కదా. అమ్మకు అన్నీ చూపించినావంట."

నేను ఊరుకోకుండా అందుకున్నాను. "చూపించు నాయనా. ఇది కూడా దుడ్లు ఖర్చు లేనిదే కదా."

"చూపిస్తా. బొమ్మను మాత్రం ఇంట్లోనే పెట్టి రావల్ల" అన్నాడు.

పొద్దున్నే పక్కింటాయనను పిలిచి గడ్డపారలతో బండ పక్కకు జరిపించాడు. మనిషి పట్టేంత నోరు, లోపలంతా చీకటి. పాత గడ్డి వాసన, దాని వెనక ఇంకేదో వాసన వచ్చాయి. నాయన పక్కనే మంచం వేసుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా కాపలా కూర్చున్నాడు. అన్నం తెచ్చి పెడితే తినలేదు.

పొద్దు వాలుతుండగా లాంతరు వెలిగించి తాడు కట్టాడు. "ముందు దీపం దిగల్ల. దీపం నిలిస్తేనే మనిషి దిగల్ల. లోపల చెడ్డ గాలి ఉంటాది" అని పిల్లకు చెప్పాడు. ఇది మా తట్టు అందరికీ తెలిసిన మాటే. లాంతరు దిగుతుంటే కుండ కడుపులా వెడల్పయ్యే గోడలు కనిపించాయి. మట్టి మెత్తిన చేతుల గుర్తులు ఇంకా ఉన్నాయి. సగం లోతుకు పోగానే, గాలి ఏమాత్రం లేకపోయినా, మంట సన్నగిల్లి ఆరిపోయింది.

నాయన పిల్లను బోర్లా పడుకోబెట్టి నడుము గట్టిగా పట్టుకున్నాడు. "నీ పేరు పెట్టి పిలువు, పలుకుతాది."

పిలిచింది. కాస్త ఆగి పాతర పలికింది. పిల్ల నవ్వి మళ్లీ పిలిచింది, మళ్లీ పలికింది. ఆ తర్వాత మా పిల్ల నోరు తెరవకముందే లోపలి నుంచి పిలుపు వచ్చింది. పేరు తెలియలేదు గానీ గొంతు మాత్రం చిన్నపిల్లదే.

"అది గాలి శబ్దమేలేన్నా" అన్నాడు పక్కింటాయన. అని రెండడుగులు వెనక్కి వేశాడు.

"తాతా, లోపల ఒక పాప ఉండాది."

"ఉండాదమ్మా. నా చెల్లెలు."

మా నాయనకు చెల్లెలు ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నాను.

"తిరునాళ్లలో మా నాయన దానికి కొయ్యబొమ్మ కొనిచ్చినాడు. పాతర తెరిచి, నిచ్చెన దించి, లోపలి చెడ్డ గాలి పోనీలే అని పెద్దోళ్లు అన్నానికి లోపలికి పోయినారు. బొమ్మ జారి దాంట్లో పడింది. దీపం గీపం చూడకుండా అది దిగింది. పైకి తీసినప్పుడు పానం లేదు, చేతిలో బొమ్మా లేదు. ఆ పొద్దే మూసేసినారు. బొమ్మ దొరకలేదు దానికి. ఇంకా ఎతుకుతాంటాది."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆయన్ని పిసినారి అన్నాను. ఇంతలో నా కూతురు గౌను లోపల దాచి తెచ్చిన బొమ్మను బయటికి తీసింది. "ఆ పాపకు ఇది ఇస్తా" అని చెయ్యి చాపి పాతరలోకి వంగింది. నాయన ఒక్క గుంజు గుంజి పిల్లను నా ఒళ్లో వేశాడు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కింద పడిన బొమ్మను తీసి దుమ్ము తుడిచాడు. లాంతరు పైకి లాగి, తాడు విప్పి, బొమ్మ నడుముకు ముడి వేశాడు. మెల్లగా, నిద్రపోయే బిడ్డను దించినట్టు దించాడు.

తాడు ఇంకా బిగిసే ఉంది. బొమ్మ నేలకు తగల్లేదు. అయినా లోపల నవ్వింది.

తర్వాత తాడు వదులైంది. పైకి లాగితే ఉత్త తాడే వచ్చింది. "ముడి జారింటాదిలేన్నా" అన్నాడు పక్కింటాయన. మా నాయన జీవితమంతా ఎద్దులను కట్టిన మనిషి, ఆయన వేసిన ముడి జారడం నేనెన్నడూ చూడలేదు. నాయన వంగి పాతరలోకి ఒక పేరు పలికి, కాసేపు విని, బండ మూయించాడు.

మా నాయన ఒక పిల్లకు బొమ్మ ఇవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.